దగ్గు, ఆయాసం – మన ఇంటికి మనం తీసుకువెళ్ళవలసిన పాఠం



"ఆరోగ్యమే మహాభాగ్యం" అని మనం ఒకటో తరగతి నుండి చదువుతూనే ఉన్నాం. నిజానికి ఈ మాట అందరికన్నా ఎక్కువగా వర్తించేది రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాలకు. మనలో ఎక్కువమంది తల్లిదండ్రులు పొలం కూలీలు, మగ్గం నేసేవారు, మిరపకాయల తొడిమలు తీసేవారు, పసుపు బస్తాలు మోసేవారు, ఇటుక బట్టీలలో, తాపీ పనులలో కష్టపడేవారు. వారి ఆస్తి వారి ఒళ్ళే. ఆ ఒంట్లో ఊపిరి సన్నగిల్లితే పని తగ్గుతుంది, కూలి తగ్గుతుంది, అప్పు పెరుగుతుంది. చివరకు ఆ భారం పిల్లల చదువు మీద పడుతుంది.

మన ఇళ్ళలో పెద్దలు చాలామంది "ఏదో కాస్త దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, వయసు మీద పడింది కదా" అని ఊరుకుంటారు. నలభై అయిదేళ్ళకే వయసు మీద పడటం ఏమిటి? ఆ ఆయాసం వయసు వల్ల వచ్చినది కాకపోవచ్చు. దానికి ఒక పేరుంది, పరీక్ష ఉంది, మందు ఉంది. ఆ విషయం ఇంట్లో చెప్పగలిగినది చదువుకుంటున్న మనమే. అందుకే ఈ సంచికలో ఈ పాఠం.

1. ఊపిరితిత్తులు చేసే పని

ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. మామూలుగా కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఒక్కొక్కసారి లోపలికి వెళ్ళే గాలి సుమారు 500 మిల్లీలీటర్లు. అనగా నిమిషానికి ఏడున్నర లీటర్లు. రోజుకు 1,440 నిమిషాలు కనుక మొత్తం 10,800 లీటర్లు. 20 లీటర్ల నీళ్ళ టిన్నులతో కొలిస్తే 540 టిన్నుల గాలి! మనం రోజుకు తాగే నీరు రెండు మూడు లీటర్లే. నీళ్ళు మురికిగా ఉంటే తాగం. మరి గాలి సంగతి?

ఈ గాలి ముక్కు నుండి శ్వాసనాళం గుండా వెళ్ళి, చెట్టు కొమ్మల వలె చీలిన గొట్టాల ద్వారా గాలి గదులకు చేరుతుంది. ఈ గదులు ద్రాక్ష గుత్తుల వలె కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటి పలుచని గోడల గుండా ప్రాణవాయువు రక్తంలోకి, బొగ్గుపులుసు వాయువు బయటకు వెళతాయి. గొట్టాల లోపలి గోడకు సన్నని నూగు వంటి కేశాలు ఉంటాయి. అవి చీపురులాగా దుమ్మును, తెమడను పైకి నెడుతూ ఉంటాయి. ఇంత చక్కని ఏర్పాటును పాడుచేసేవి పొగ, దుమ్ము.

2. జబ్బు అంటే ఏమిటి?

ఈ జబ్బును వైద్యులు సి.ఓ.పి.డి. అంటారు. తెలుగులో దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి అని చెప్పుకోవచ్చు. ఏళ్ళ తరబడి పొగ, దుమ్ము పీల్చినవారిలో రెండు మార్పులు వస్తాయి.

మొదటిది: గొట్టాల లోపల వాపు వచ్చి, చీపురు వంటి కేశాలు దెబ్బతిని, తెమడ పేరుకుపోతుంది. వరుసగా రెండేళ్ళపాటు, ఏడాదికి కనీసం మూడు నెలలు తెమడతో కూడిన దగ్గు ఉంటే దానిని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు.

రెండవది: గాలి గదుల మధ్య గోడలు చిరిగిపోయి చిన్న గదులన్నీ కలిసి పెద్ద సంచులవుతాయి. సాగి వదులైపోయిన రబ్బరు బుడగ గాలిని గట్టిగా బయటకు నెట్టలేదు కదా! అదే విధంగా లోపలి గాలి లోపలే చిక్కుకుపోతుంది. దీనిని ఎంఫిసీమా అంటారు. అందుచేత ఈ రోగికి గాలి పీల్చడంకన్నా వదలడం ఎక్కువ కష్టం.

చాలామంది రోగులలో ఈ రెండూ కలిసే ఉంటాయి. చెడిపోయిన గాలి గదులు తిరిగి మొలవవు. కానీ మిగిలినవాటిని కాపాడుకోవచ్చు, ఉన్న ఊపిరితో హాయిగా బ్రతకవచ్చు. ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే.

ఉబ్బసం వేరు, ఇది వేరు. ఉబ్బసం చాలామందికి చిన్నతనంలోనే మొదలవుతుంది, వస్తూ పోతూ ఉంటుంది, మధ్యలో మనిషి మామూలుగా ఉంటాడు. సి.ఓ.పి.డి. సాధారణంగా 40 ఏళ్ళు దాటాక బయటపడి, కొద్దికొద్దిగా ముదురుతూ పోతుంది. రెండింటిలోనూ పిల్లికూతలు వినిపించవచ్చు. తేడా తేల్చవలసినది వైద్యుడే.

క్షయ కూడా వేరు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు ఉచితం. క్షయ పూర్తిగా నయమయ్యే జబ్బు. అయితే అది నయమైన తరువాత కూడా కొందరికి ఊపిరితిత్తులలో మచ్చలు మిగిలి ఆయాసం నిలిచిపోతుంది. అటువంటివారు కూడా ఛాతీ వైద్యుడికి చూపించుకోవాలి.

3. కారణాలు – మన చుట్టూ ఉన్నవే

అ) పొగాకు: బీడీ, చుట్ట, సిగరెట్టు – ఏదైనా ఒకటే. "బీడీ చిన్నది, దానిలో ఏముంది" అనుకోవడం పొరపాటు. ఇంట్లో ఒకరు తాగితే ఆ పొగ అందరూ పీల్చినట్లే. దేశంలో పొగాకు వ్యాపారాన్ని చూసే పొగాకు బోర్డు 1976 నుండి మన గుంటూరులోనే ఉంది. పొగాకు మన ప్రాంతంలో ఎందరో రైతులకు, కూలీలకు అన్నం పెట్టిన పంట. పంట మీద కోపం అక్కరలేదు గాని, దాని పొగ ఊపిరితిత్తులకు ఏమి చేస్తుందో తెలియకపోతే నష్టపోయేది మనమే.

ఆ) వంట పొగ: కట్టెలు, పిడకలు, పత్తికట్టె, కందికట్టెతో గాలి ఆడని వంటింట్లో వండితే, బీడీ ముట్టని అమ్మకు కూడా బీడీ తాగేవారి జబ్బే రావచ్చు. మన దేశంలో ఆడవారికి ఈ జబ్బు రావడానికి ఇది పెద్ద కారణం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద మహిళలకు వంటగ్యాసు కనెక్షన్లు ఇవ్వడానికి దీపం పథకం వచ్చింది. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించింది. 2024 నవంబరులో మన రాష్ట్రంలో దీపం-2 పేరుతో అర్హులైన కుటుంబాలకు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. అయితే గ్యాసు ఉన్నా నీళ్ళు కాచడానికి, పశువులకు దాణా ఉడికించడానికి కట్టెల పొయ్యి చాలా ఇళ్ళలో మిగిలే ఉంది. ఆ పొయ్యినైనా ఆరుబయటకు మార్చాలి.

ఇ) పని చేసే చోట దుమ్ము: గుంటూరు మిర్చి యార్డులోని ఘాటు, దుగ్గిరాల పసుపు యార్డు దుమ్ము, పత్తి జిన్నింగు మిల్లులోని నూగు, బియ్యం మిల్లు ఊక, రాతి క్రషరు పొడి, సిమెంటు – ఇవన్నీ డెల్టాలో మనవాళ్ళు రోజూ పీల్చేవే. పత్తి నూగు వల్ల వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్లు ఉండటం దాని గుర్తు. ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700 సంవత్సరంలోనే పనివారల జబ్బుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. రోగిని అతడు చేసే పని ఏమిటో తప్పక అడగాలని వైద్యులకు బోధించినవాడు ఆయనే. డాక్టరుగారు అడగకపోయినా మనమే చెప్పాలి: "మా అమ్మ పదేళ్ళుగా మిర్చి పని చేస్తోందండీ" అని.

ఈ) దోమల చుట్ట: ఇది మన హాస్టల్ గదులకు సంబంధించినది. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుండి 137 సిగరెట్లు కాలినప్పుడు వచ్చేదానితో సమానమని తేలింది. తలుపులు, కిటికీలు మూసిన గదిలో పదిమంది పడుకుని దానిని వెలిగిస్తే ఏమవుతుందో ఆలోచించండి. దోమతెర, కిటికీకి జాలీ ఇంతకన్నా మేలు.

ఉ) చిన్నతనం: ఊపిరితిత్తులు సుమారు 20–25 ఏళ్ళ వరకు ఎదుగుతాయి. ఆ తరువాత వాటి శక్తి నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. చిన్నతనంలో తరచుగా నెమ్ము చేసినా, పొగలో పెరిగినా, సరైన తిండి లేకపోయినా ఆ ఎదుగుదల పూర్తిగా జరగదు. మొదటే తక్కువతో బయలుదేరినవారు త్వరగా జబ్బు హద్దుకు చేరుకుంటారని 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. కావున ఇది మన తాతల జబ్బు మాత్రమే కాదు. బీడీ మొదలుపెట్టాలా వద్దా అనే ప్రశ్న ముందున్న పదిహేనేళ్ళ కుర్రవాడిది కూడా.

4. ఎంతమందికి ఉంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఈ జబ్బు వల్ల ప్రపంచంలో సుమారు 35 లక్షల మంది చనిపోయారు. మరణ కారణాలలో ఇది నాల్గవది. మన దేశంలో 1990లో 2 కోట్ల 81 లక్షల మందికి ఉన్న ఈ జబ్బు, 2016 నాటికి 5 కోట్ల 53 లక్షల మందికి పెరిగిందని 2018లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం తెలిపింది. ఆ అధ్యయనం ప్రకారమే, 2016లో మన దేశంలో ఈ జబ్బు భారానికి కారణాలలో వాయు కాలుష్యం వాటా 53.7 శాతం, పొగాకు వాటా 25.4 శాతం, పని చేసే చోటి దుమ్ము, పొగల వాటా 16.5 శాతం. దీనిని బట్టి "మా నాన్న బీడీ తాగడు, మాకు భయం లేదు" అనుకోరాదని తెలుస్తుంది.

5. ఎలా గుర్తించాలి?

వైద్యులు ఆయాసాన్ని అయిదు స్థాయిలుగా చూస్తారు. మంగళగిరివాళ్ళం కనుక మనకు అర్థమయ్యేటట్లు చెప్పుకుందాం.

సున్నా – పానకాలస్వామి కొండ మెట్లు వడివడిగా ఎక్కడం వంటి గట్టి శ్రమ చేస్తేనే ఆయాసం.
ఒకటి – చదునైన దారిలో గబగబా నడిచినా, కాస్త ఎత్తు ఎక్కినా ఆయాసం.
రెండు – తోటివారితో సమానంగా నడవలేక వెనకబడటం, లేదా మామూలుగా నడుస్తూనే మధ్యలో ఆగవలసి రావడం.
మూడు – వంద మీటర్లు నడిచేసరికి ఆగిపోవడం.
నాలుగు – ఇల్లు కదలలేకపోవడం, బట్టలు మార్చుకున్నా రొప్పు రావడం.

ఇంట్లో 40 దాటిన పెద్దలకు రెండో స్థాయి లేదా అంతకన్నా ఎక్కువ ఆయాసం ఉంటే ఆలస్యం చేయరాదు. అయితే గుండె జబ్బు, రక్తహీనత వల్ల కూడా ఆయాసం రావచ్చు. ఆ సంగతి పరీక్షలతోనే తేలుతుంది.

అసలైన పరీక్ష స్పైరోమెట్రీ. దీనికి మూలమైన యంత్రాన్ని 1846లో జాన్ హచిన్‌సన్ అనే ఇంగ్లండు వైద్యుడు ప్రపంచానికి పరిచయం చేశాడు. సూది లేదు, నొప్పి లేదు. గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి బలంగా, చివరి వరకు ఊదాలి. మొత్తం ఎంత గాలి వచ్చింది, అందులో మొదటి సెకనులో ఎంత వచ్చింది అన్నది యంత్రం చూపుతుంది. ఉదాహరణకు ఒకరు మొత్తం 3 లీటర్లు ఊదారు. మొదటి సెకనులో 2.4 లీటర్లు వస్తే అది 80 శాతం, మంచిదే. మొదటి సెకనులో ఒకటిన్నర లీటరే వస్తే 50 శాతం. గొట్టాలను వెడల్పు చేసే మందు పీల్చిన తరువాత కూడా ఈ లెక్క 70 శాతానికి తక్కువగా ఉంటే, లక్షణాలను కూడా చూసి సి.ఓ.పి.డి. అని నిర్ణయిస్తారు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే తీసి ఈ జబ్బు లేదని చెప్పడం కుదరదు.

6. వైద్యం

మొదటి మందు – పొగ మానడం. బ్రిటిష్ వైద్యుల అలవాట్లను 1951 నుండి 50 ఏళ్ళపాటు గమనించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో తేలినది ఇది: 30 ఏళ్ళ వయసులో సిగరెట్టు మానినవారికి సుమారు 10 ఏళ్ళు, 40లో మానితే 9, 50లో మానితే 6, 60లో మానినా 3 ఏళ్ళ ఆయుష్షు కలిసివచ్చింది. "ఇప్పుడు మాని ఏం లాభం" అనే తాతగారికి ఈ లెక్క చెప్పండి.

రెండవది – పీల్చే మందులు. ఇన్‌హేలర్ అంటే మన వాళ్ళకు భయం. "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది, అది చివరి మందు" అంటారు. ఇది సరికాదు. కళ్ళజోడు పెట్టుకున్నందువల్ల చూపు తగ్గనట్లే, ఇన్‌హేలర్ వాడినందువల్ల ఊపిరి తగ్గదు. పైగా మందు మోతాదు చూడండి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో ఉండేది 4,000 మైక్రోగ్రాములు. అనగా ఒక మాత్ర 40 నొక్కులతో సమానం. మాత్ర ఒళ్ళంతా తిరిగి వణుకు, గుండెదడ తెస్తుంది. పీల్చే మందు కావలసిన చోటికే వెళుతుంది.

అయితే వాడే పద్ధతి తెలియాలి. నొక్కే ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులతో గట్టిగా పట్టుకుని, నిదానంగా పీలుస్తూ ఒకసారి నొక్కి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. చేయి, ఊపిరి కలవనివారికి స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే సులువు. గొట్టం మాత్ర పెట్టి పీల్చే పొడి మందును మాత్రం నిదానంగా కాక, బలంగా, వేగంగా పీల్చాలి. ఆ గొట్టం మాత్రను మింగరాదు. స్టెరాయిడ్ కలిసిన మందు పీల్చిన తరువాత నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఇన్‌హేలర్ వాడుతూ కూడా గుణం లేదనేవారిలో చాలామందికి లోపం మందులో కాదు, పీల్చే పద్ధతిలో ఉంటుంది.

మూడవది – వ్యాయామం. ఆయాసం వస్తుందని కదలకుండా కూర్చుంటే కండరాలు బలహీనపడి ఆయాసం ఇంకా పెరుగుతుంది. రోజూ కొంత దూరం, ఆగి ఆగి అయినా నడవాలి. ముక్కుతో రెండు లెక్కపెట్టే వరకు పీల్చి, ఈల వేసేటట్లు పెదవులు ముడిచి నాలుగు లెక్కపెట్టే వరకు వదలాలి. వేడి టీని ఊదినట్లు నెమ్మదిగా ఊదాలి. ఆయాసం వచ్చినప్పుడు కుర్చీలో ముందుకు వంగి మోచేతులు తొడలమీద ఆనించి కూర్చుంటే తేలికపడుతుంది.

నాల్గవది – టీకాలు, తిండి. ఫ్లూ టీకా ఏటేటా, న్యుమోనియా టీకా వైద్యుడి సలహాతో వేయించుకోవాలి. కడుపు నిండా ఒకేసారి తినకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. గుడ్డు, పప్పు, చేప వంటివి కండ తగ్గకుండా కాపాడతాయి.

అయిదవది – ఆక్సిజన్. రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ బాగా తక్కువగా ఉండేవారికి రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఇంట్లో ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981 సంవత్సరాలలో వెలువడిన రెండు అధ్యయనాలు నిరూపించాయి. కానీ ఇది అందరికీ అవసరం కాదు. 2021లో కరోనా రెండో అల వచ్చినప్పుడు వేలికి పెట్టే ఆక్సిమీటరు అందరికీ పరిచయమైంది. "95కు తగ్గితే ప్రమాదం" అన్న మాట అప్పుడు మనసులో నాటుకుపోయింది. ఈ రోగులకు ఆక్సిజన్ పెట్టినప్పుడు సాధారణంగా 88 నుండి 92 మధ్య ఉండేటట్లు చూస్తారు. ఎక్కువ పెడితే కొందరిలో బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకుని మత్తు కమ్ముతుంది. కాబట్టి ఆక్సిజన్ కూడా మందే, దానికీ మోతాదు ఉంది.

7. జబ్బు తిరగబెట్టినప్పుడు

డెల్టాలో మంచు పడే కార్తీకం నుండి సంక్రాంతి వరకు, జలుబు చేసినప్పుడు, వరిగడ్డి తగలబెట్టినప్పుడు జబ్బు తిరగబెట్టవచ్చు. ఆయాసం మామూలుకన్నా పెరగడం, తెమడ ఎక్కువ కావడం, తెమడ రంగు పసుపుగా, ఆకుపచ్చగా మారడం దీని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఒకటి రెండు రోజులలోపు డాక్టరుకు చూపించాలి. మందుల షాపులో అడిగి కొన్న స్టెరాయిడ్ మాత్రలతో నెట్టుకురావడం ప్రమాదకరం.

పెదవులు, గోళ్ళు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, మత్తుగా, అయోమయంగా ఉన్నా వెంటనే 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ సేవ ఉచితం.

8. సహాయం ఎక్కడ దొరుకుతుంది?

మన మంగళగిరికి ఊపిరితిత్తుల వైద్యంతో పాత సంబంధం ఉంది. కొండ దాపున ఒకప్పుడు క్షయ రోగుల శానిటోరియం ఉండేది. మంచి గాలి, విశ్రాంతి, తిండి ఇవే ప్రధాన వైద్యమని భావించిన కాలం నాటి పద్ధతి అది. ఆ స్థలంలోనే ఎయిమ్స్‌కు 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 2018లో మొదటి ఎం.బి.బి.ఎస్. బ్యాచ్ విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో చేరింది. 2019లో మంగళగిరిలో రోగులను చూడటం మొదలైంది. 2024 ఫిబ్రవరి 25న దానిని ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. అక్కడ ఛాతీ వైద్య విభాగం ఉంది. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు కూడా మనకు దగ్గరే.

ఇటువంటి మార్పే అమెరికాలో కూడా జరిగింది. క్షయ మీద పోరాటానికి 1904లో పుట్టిన ఒక సంఘం, నేడు అమెరికా ఊపిరితిత్తుల సంఘంగా మారి, ఆయాసంతో బాధపడేవారికి నర్సుల చేత ఫోనులో సలహాలు ఇప్పిస్తోంది. ఆసుపత్రికి వెళ్ళేది నెలకు ఒకసారి. మిగిలిన 29 రోజులు వచ్చే సందేహాలకు జవాబు చెప్పేవారు ఉండాలి కదా! మనకు కూడా అటువంటి సదుపాయాలు ఉన్నాయి.

* 104 – 2007లో మన రాష్ట్రంలో మొదలైన వైద్య సలహా ఫోను.
* ఈ-సంజీవని – 2019 నవంబరులో దేశంలో ప్రారంభమైంది. గ్రామంలోని ఆరోగ్య కేంద్రంలో ఉండే సిబ్బంది కంప్యూటరు ద్వారా రోగిని దూరాన ఉన్న డాక్టరుకు చూపిస్తారు. 2020 ఏప్రిల్ నుండి ఇంటి దగ్గర సెల్‌ఫోను ద్వారా కూడా మాట్లాడే వీలు వచ్చింది. ఈ సేవను ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాలలో మనది ముందు వరసలో ఉంది.
* 1800-11-2356 – పొగాకు మానదలచినవారికి ఉచిత ఫోను. 2016లో ఢిల్లీలోని వల్లభభాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో మొదలైంది. 2018 సెప్టెంబరు నుండి ఈ నంబరును పొగాకు పెట్టెల మీదే అచ్చు వేస్తున్నారు. నాన్నగారి జేబులోని పెట్టె మీదే ఆయనకు కావలసిన సహాయం ఉందన్నమాట!

ఫోనులో సలహా ఆసుపత్రికి బదులు కాదు. స్పైరోమెట్రీ ఫోనులో చేయలేరు, ఛాతీకి స్టెతస్కోపు పెట్టలేరు. ఒకసారి నేరుగా చూపించుకుని జబ్బు తేలిన తరువాత, మందుల గురించి, పద్ధతుల గురించి అడగడానికి ఇవి బాగా ఉపకరిస్తాయి.

ఇంకొక సంగతి. ఆయాసం ఉన్న మనిషి పెళ్ళిళ్ళకు పోవడం మానేస్తాడు, అరుగు మీదకు రావడం మానేస్తాడు. "నేను ఇంటికి బరువైపోయాను" అనే దిగులు పట్టుకుంటుంది. మందుతోపాటు మాట కూడా కావాలి. వారానికి ఒకసారి హాస్టల్ నుండి ఫోను చేసి, "మందు పీల్చావా నాన్నా? ఈ రోజు ఎంత దూరం నడిచావు?" అని అడగడం కూడా వైద్యంలో భాగమే.

9. ఏ సమాచారాన్ని నమ్మాలి?

నేడు సెల్‌ఫోను లేని ఇల్లు లేదు. వైద్యం పేరుతో వచ్చే సందేశాలకు కొదవ లేదు. "పది సెకన్లు ఊపిరి బిగబట్టగలిగితే ఊపిరితిత్తులు బాగున్నట్లే" అని 2020లో ఒక సందేశం ఊరూరా తిరిగింది. అది తప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పవలసి వచ్చింది. మృగశిర కార్తెకు హైదరాబాదులో ఇచ్చే చేప ప్రసాదం కోసం ఎన్నో వేలమంది వెళతారు. అది వారి వారి నమ్మకం. దానితో ఆయాసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్ళేవారికైనా మనం చెప్పవలసినది ఒకటే: ఇన్‌హేలర్ మాత్రం మానవద్దు.

ఏ సమాచారం వచ్చినా ఈ అయిదు ప్రశ్నలు వేయండి.
(1) చెప్పినవారు ఎవరు? వైద్యులా, ప్రభుత్వ సంస్థా, పేరు లేనివారా?
(2) ఎప్పుడు చెప్పినది?
(3) చివరలో ఏదైనా అమ్ముతున్నారా?
(4) "పూర్తిగా నయం చేస్తాం" అని హామీ ఇస్తున్నారా? చిరిగిన గాలి గదులు తిరిగి రావని మనం చదువుకున్నాం.
(5) డాక్టరు ఇచ్చిన మందు ఆపమంటున్నారా? అలా అంటే అక్కడితో ఆపేయండి.

10. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు

ఈ సంక్రాంతికో, వేసవి సెలవులకో ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఈ పనులు చేయండి.

మొదట, ఇంట్లో పెద్దల ఆయాసం ఎన్నో స్థాయిలో ఉందో చూడండి. రెండవది, వంటింటి పొగ ఎటు పోతుందో చూడండి. కిటికీ లేకపోతే పైన రెండు పెంకులు తీసి పొగ వెళ్ళే దారి చేయమని నాన్నగారిని అడగండి. చంటిపిల్లలను పొయ్యి దగ్గర కూర్చోబెట్టవద్దని చెప్పండి. మూడవది, ఎవరైనా ఇన్‌హేలర్ వాడుతుంటే మీ ఎదురుగా వాడమని చెప్పి పద్ధతి సరిచూడండి. పెట్టెలోని ఇంగ్లీషు కాగితం వారు చదవలేరు, మీరు చదవగలరు. నాల్గవది, ఒక అట్టముక్క మీద మందుల పేర్లు, వేళలు, ప్రమాద సూచనలు, 108, 104 నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసి గోడకు తగిలించండి. అయిదవది, బీడీ మానమని పెద్దలను నిందించకండి. "నువ్వు ఇంకా చాలాకాలం మాతో ఉండాలి నాన్నా" అని చెప్పి నంబరు చూపించండి.

మన సంగతి కూడా మరువకూడదు. 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారికి పొగాకు అమ్మడం, విద్యాసంస్థకు 100 గజాల లోపు అమ్మడం నేరం. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాలలో పొగ తాగడంపై నిషేధపు నిబంధనలు కట్టుదిట్టంగా అమలులోకి వచ్చాయి. మొదటి బీడీ ముట్టనివాడికి మానే బాధే లేదు.

పాఠం చదివిన తరువాత – జవాబు చెప్పండి

1. సి.ఓ.పి.డి. రోగికి గాలి వదలడం ఎందుకు కష్టం?
2. ఒకరు మొత్తం 2.5 లీటర్లు ఊదగా మొదటి సెకనులో 1.5 లీటర్లు వచ్చింది. శాతం ఎంత? దానిని బట్టి ఏమి అనుమానించాలి?
3. బీడీ తాగని అమ్మకు ఈ జబ్బు ఎలా రావచ్చు?
4. మాత్రకన్నా ఇన్‌హేలర్ ఎందుకు మేలు?
5. ఏ గుర్తులు కనిపిస్తే 108కి ఫోను చేయాలి?

2002 నుండి ఏటా నవంబరు నెల మూడో బుధవారాన్ని ప్రపంచ సి.ఓ.పి.డి. దినంగా జరుపుతున్నారు. ఆ రోజున మన హాస్టల్ ప్రార్థనలో ఒక్క అయిదు నిమిషాలు ఈ పాఠాన్ని గట్టిగా చదివితే చాలు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ఇంటికి దీనిని చేరవేస్తే, ఏ ఊరిలోనో పొయ్యి ముందు దగ్గుతున్న ఒక అమ్మ ఈ ఏడు ఆసుపత్రి మెట్లు ఎక్కుతుంది. మన చదువుకు ఖర్చవుతున్నది వారి ఊపిరే. దానిని నిలబెట్టడం మన బాధ్యత.